మాక్, విండోస్ వాడుకరులు: వైరం, సహజీవనం

అమెరికాకు చెందిన ఆపిల్ సంస్థ తయారుచేసే మెకింటాష్ కంప్యూటర్లను (వాడుకలో మాక్) ఎంచుకున్నవారికీ, మైక్రోసాఫ్ట్ సంస్థ రూపొందించే విండోస్‌తో నడిచే కంప్యూటర్లను (వాడుకలో పీసీ) ఎంచుకున్నవారికీ మధ్య 1980ల నడిమి నుంచి సాగిన పోటీ, దానితోపాటే పెరిగిన ఇచ్చిపుచ్చుకోలు వ్యక్తిగత కంప్యూటర్ చరిత్రలో ఒక ముఖ్యమైన అధ్యాయం. కంప్యూటర్‌లోని మెమరీ, డిస్కు, తెర, కీబోర్డు వంటి భాగాలన్నిటినీ అదుపులో ఉంచి, మిగిలిన ప్రోగ్రాములు నడవడానికి ఆధారంగా నిలిచే మూల సాఫ్ట్‌వేర్‌ను ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. విండోస్, మాక్ ఓఎస్ ఆ కోవకు చెందినవి. ఈ పోటీని రెండు కంపెనీల యుద్ధంగా వర్ణించడం పరిపాటి అయినప్పటికీ, ఆ కంపెనీలు మొదటి నుంచీ ఒకదానికొకటి సరుకు అమ్ముకుంటూ, అనుమతులు ఇచ్చుకుంటూ, అవసరమైనప్పుడు పెట్టుబడి సైతం పెట్టుకుంటూ వచ్చాయి. పట్టుదల వాడుకరులలోనే ఎక్కువగా కనిపించింది. వారు కలిసి పనిచేయగలగడానికి తోడ్పడినవి ఫైళ్లు, డిస్కులు, అక్షర రూపాలు వంటి విషయాల్లో ఏళ్ల తరబడి జరిగిన చిన్న చిన్న సర్దుబాట్లు.

మూలాలు

బిల్ గేట్స్, పాల్ అలెన్ 1975లో మైక్రోసాఫ్ట్‌ను, స్టీవ్ జాబ్స్, స్టీవ్ వోజ్నియాక్, రొనాల్డ్ వేన్ 1976 ఏప్రిల్ 1న ఆపిల్‌ను స్థాపించారు. తొలినాళ్లలో ఈ రెండింటిదీ అమ్మకందారు, కొనుగోలుదారు సంబంధం. ఆపిల్ 2 కంప్యూటర్‌తో వచ్చిన ఆపిల్‌సాఫ్ట్ బేసిక్ అనే ప్రోగ్రామింగ్ భాషను సమకూర్చింది మైక్రోసాఫ్టే. ఆ సంస్థ 1980లో అమ్మిన సాఫ్ట్‌కార్డ్ అనే పరికరం కూడా ఆపిల్ 2లో బిగించుకోవడానికి ఉద్దేశించినదే. 1981 ఆగస్టు 12న ఐబీఎం తన పీసీని విడుదల చేసినప్పుడు దానికి కావలసిన డాస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను మైక్రోసాఫ్ట్ సరఫరా చేసింది. సియాటిల్ కంప్యూటర్ ప్రొడక్ట్స్ అనే చిన్న సంస్థ నుంచి హక్కులు కొని తీర్చిదిద్దిన ఈ డాస్‌ను ఇతర తయారీదారులకు కూడా అమ్ముకునే వెసులుబాటును మైక్రోసాఫ్ట్ తన చేతిలోనే ఉంచుకోవడం, ఐబీఎం పీసీలోని భాగాలు చాలావరకు బజారులో ఎవరైనా కొనుక్కోగలిగినవి కావడం వల్ల, కొద్ది కాలంలోనే అదే నమూనాలో పనిచేసే కంప్యూటర్లు అనేక సంస్థల నుంచి వెల్లువెత్తాయి. యంత్రాన్నీ సాఫ్ట్‌వేర్‌నూ ఒకే చేత తయారుచేసి, రెండింటినీ కలిపి అమ్మే ఆపిల్ పద్ధతికీ, యంత్రం ఎవరిదైనా సాఫ్ట్‌వేర్ తనదిగా ఉంటే చాలుననుకునే మైక్రోసాఫ్ట్ పద్ధతికీ ఉన్న భేదం ఇక్కడే స్థిరపడింది. తరువాతి నాలుగు దశాబ్దాల వాదనల్లో అధిక భాగం ఈ ఒక్క భేదం నుంచి పుట్టినవే.

డాస్‌లో ప్రతి పనికీ ఒక ఆదేశాన్ని టైపు చేయవలసి ఉండేది. దానికి భిన్నంగా తెర మీద బొమ్మలు, కిటికీల వంటి చట్రాలు, మెనూలు చూపించి, మౌస్‌తో ఎంచుకోనిచ్చే పద్ధతిని గ్రాఫికల్ ఇంటర్‌ఫేస్ అంటారు. కాలిఫోర్నియాలోని జిరాక్స్ పార్క్ పరిశోధనశాల 1973 నాటికే ఆల్టో అనే ప్రయోగ యంత్రంలో దీనిని అమలు చేసింది. 1979లో జాబ్స్ బృందం ఆ పరిశోధనశాలను సందర్శించగా, అందుకు ప్రతిగా అప్పటికింకా స్టాక్ మార్కెట్‌కు ఎక్కని ఆపిల్‌లో 1,00,000 వాటాలను 10 లక్షల డాలర్లకు కొనుక్కునే అవకాశం జిరాక్స్‌కు దక్కింది. ఆ ఆలోచనలను సొంత కల్పనతో పెంచి ఆపిల్ 1983లో 9,995 డాలర్ల ధరతో లీసాను, 1984 జనవరి 24న 2,495 డాలర్ల ధరతో, 128 కిలోబైట్ల మెమరీతో మెకింటాష్‌ను విడుదల చేసింది. మాక్‌కు సాఫ్ట్‌వేర్ రాసిన తొలి బయటి సంస్థల్లో మైక్రోసాఫ్ట్ ముఖ్యమైనది. లెక్కల పట్టికలు తయారుచేసే ఎక్సెల్ మొదట 1985లో మాక్ మీదనే వెలువడి, రెండేళ్ల తరువాత గాని విండోస్‌కు రాలేదు. పవర్‌పాయింట్‌ను ఫోర్‌థాట్ అనే సంస్థ 1987లో మాక్ కోసమే తయారుచేయగా, మైక్రోసాఫ్ట్ అదే ఏడు ఆ సంస్థను 1.4 కోట్ల డాలర్లకు కొన్నది. ఆఫీసు పనికి విండోసే తగినదని వాదించేవారు ఏకరువు పెట్టే ప్రోగ్రాముల్లో రెండు మాక్ మీద పుట్టినవన్న సంగతి ఉభయ పక్షాల వాదనల్లోనూ అరుదుగా వినిపిస్తుంది.

1985 నవంబరులో విండోస్ తొలి కూర్పు వెలువడింది. అందులో చట్రాలు ఒకదాని పక్కన ఒకటి పరచుకునేవే తప్ప ఒకదాని మీదికి ఒకటి వచ్చేవి కావు. మాక్‌ను పోలిన దృశ్యాంశాలను మైక్రోసాఫ్ట్ వాడుకోవడానికి అనుమతినిస్తూ అప్పటి ఆపిల్ అధిపతి జాన్ స్కల్లీ ఆ నెలలోనే ఒప్పందం మీద సంతకం చేశాడు. 1987 చివర వచ్చిన రెండో కూర్పులో చట్రాలు ఒకదానిపై ఒకటి పరచుకోవడం మొదలుకాగా, 1988 మార్చిలో ఆపిల్ కాపీరైటు ఉల్లంఘన దావా వేసింది. ఆపిల్ పేర్కొన్న 189 దృశ్యాంశాల్లో 179 ఆ 1985 ఒప్పందం పరిధిలోకే వస్తాయని న్యాయస్థానం తేల్చింది. మిగిలినవి చాలావరకు కాపీరైటు రక్షణకు అర్హమైనవి కావని తరువాత నిర్ణయించింది. 1994లో అప్పీలు కోర్టు ఈ తీర్పును బలపరచగా, 1995లో సుప్రీంకోర్టు జోక్యానికి నిరాకరించింది. మధ్యలో జిరాక్స్ సంస్థ ఆపిల్ మీదనే దావా వేసి విఫలమవడం ఈ వ్యాజ్యంలోని వినోద ఘట్టం. న్యాయస్థానాల్లో ఏడేళ్లు గడిచేలోగా విండోస్ 3.0 (1990) ఆఫీసుల్లోకి చొరబడింది. వ్యాజ్యం ముగిసిన ఏడాదే, 1995 ఆగస్టు 24న, విండోస్ 95 వచ్చి వాడుక సౌలభ్యంలో మాక్‌కు ఉన్న ఆధిక్యాన్ని చాలావరకు చెరిపివేసింది.

1997 నాటి ఒప్పందం

1990ల నడిమి నాటికి ఆపిల్ నష్టాల్లో కూరుకుపోయింది. కోప్లాండ్ పేరుతో తలపెట్టిన కొత్త ఆపరేటింగ్ సిస్టమ్ పూర్తికాలేదు. ఆపిల్‌ను వీడిన జాబ్స్ బయట స్థాపించుకున్న నెక్స్ట్ సంస్థను కొనుగోలు చేయడం ద్వారా 1997 నాటికి అతడు తిరిగి ఆపిల్‌కు చేరగా, అతడి సాఫ్ట్‌వేరూ వెంట వచ్చింది. 1997 ఆగస్టు 6న బోస్టన్‌లో జరిగిన మాక్‌వరల్డ్ సభలో జాబ్స్ ప్రకటించిన ఒప్పందం ప్రకారం మైక్రోసాఫ్ట్ ఓటు హక్కు లేని వాటాల రూపంలో 15 కోట్ల డాలర్లు పెట్టుబడి పెట్టింది, ఐదేళ్లపాటు మాక్‌కు ఆఫీస్ సాఫ్ట్‌వేర్ అందించడానికి అంగీకరించింది. బదులుగా ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను మాక్‌లో డిఫాల్ట్ బ్రౌజర్‌గా ఉంచడానికి ఆపిల్ ఒప్పుకుంది, పేటెంట్ల తగాదాలు సమసిపోయాయి. వేదిక వెనుక పెద్ద తెర మీద బిల్ గేట్స్ ముఖం కనిపించగానే సభికులలో పలువురు గేలి చేయగా, ఆపిల్ గెలవాలంటే మైక్రోసాఫ్ట్ ఓడక తప్పదన్న భావన వదులుకోవాలని జాబ్స్ వారికి నచ్చజెప్పవలసి వచ్చింది. యజమానులు చేతులు కలిపినా అభిమానులు కలపలేదన్నదానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకదు.

ఈ స్నేహానికి మరో పార్శ్వం ఉంది. మైక్రోసాఫ్ట్ మీద అమెరికా ప్రభుత్వం 1998లో వేసిన గుత్తాధిపత్య వ్యాజ్యంలో, మరుసటి ఏడు న్యాయమూర్తి థామస్ పెన్‌ఫీల్డ్ జాక్సన్ వెల్లడించిన నిర్ధారణల ప్రకారం, మాక్ ఆఫీస్‌ను ఆపివేస్తామన్న బెదిరింపును మైక్రోసాఫ్ట్ బేరానికి ఆయుధంగా వాడుకుంది. అదే పత్రంలో ఆయన ఇంటెల్ తరహా పీసీల ఆపరేటింగ్ సిస్టమ్‌ల విపణిని ప్రత్యేకంగా లెక్కించి మాక్‌ను ఆ లెక్క నుంచి మినహాయించాడు. వాడుకరులు దశాబ్దంపైగా ప్రాణప్రదంగా వాదించుకున్న పోటీ న్యాయశాస్త్ర దృష్టిలో పోటీగానే నిలవలేదన్నమాట.

వాడుకరుల మధ్య వైరం

మాక్ అభిమానాన్ని దాదాపు మత విశ్వాసంగా పెంచింది కొంతవరకు ఆపిలే. గై కావసాకి వంటి ఉద్యోగులు తమను మత ప్రచారకులను సూచించే పదంతోనే పిలుచుకున్నారు. రిడ్లీ స్కాట్ దర్శకత్వంలో 1984 జనవరిలో ప్రసారమైన మాక్ తొలి వ్యాపార ప్రకటన ఏకరూపపు జనసమూహం చూస్తున్న పెద్ద తెర మీదికి ఒక యువతి సుత్తి విసిరే దృశ్యాన్ని చూపింది. అందులోని శత్రువు ఐబీఎం అని, మైక్రోసాఫ్ట్ అప్పట్లో మిత్రపక్షమని తరువాతి తరం అభిమానులకు గుర్తులేదు. ఇటలీ రచయిత ఉంబెర్టో ఎకో 1994లో రాసిన ఒక పత్రికా వ్యాసంలో మాక్‌ను కాథలిక్ మతంతోనూ, డాస్‌ను ప్రొటెస్టెంట్ మతంతోనూ పోల్చి, మొదటిది భక్తుణ్ణి మెట్టుమెట్టుకూ చేయిపట్టి నడిపిస్తుందని, రెండోది కష్టమైన నిర్ణయాలను భక్తుడికే వదిలేస్తుందని చమత్కరించాడు. అందులో విండోస్‌కు ఆంగ్లికన్ శాఖ స్థానం లభించింది.

వాదనల సారాంశం ఎన్నడూ పెద్దగా మారలేదు. మాక్ పక్షం వారు నిలకడను, తీరైన రూపాన్ని, వైరస్‌ల బెడద తక్కువగా ఉండటాన్ని చెప్పేవారు. విండోస్ పక్షం వారు తక్కువ ధరను, ఎంచుకోదగిన యంత్రాల సంఖ్యను, భాగాలు విడిగా కొని బిగించుకునే స్వేచ్ఛను, ఆటలను చూపేవారు. వీటిలో వైరస్‌ల వాదన అందరూ అనుకున్నంత గట్టిది కాదు. వాడుకలో ఉన్న కంప్యూటర్లలో పదింట తొమ్మిదికి పైగా విండోస్ ఉన్న కాలంలో దాడి చేసేవారి దృష్టి సహజంగానే అటు మళ్లింది. 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే హానికర ప్రోగ్రాము సుమారు 6,00,000 మాక్‌లలోకి చొరబడినప్పుడు ఆ ధీమా సడలింది. ఆటల విషయంలో మాత్రం విండోస్ పక్షం మాట తిరుగులేనిది. 1999లో మాక్‌వరల్డ్ వేదిక మీద జాబ్స్ సగర్వంగా పరిచయం చేసిన హేలో అనే ఆటను తయారుచేస్తున్న బంగీ సంస్థను మైక్రోసాఫ్ట్ 2000లో కొనివేయగా, ఆ ఆట 2001లో మైక్రోసాఫ్ట్ ఆటల యంత్రమైన ఎక్స్‌బాక్స్‌కు ప్రధానాకర్షణగా వెలువడింది. కొన్నేళ్లకు ఎక్స్‌బాక్స్ 360 కోసం ఆటలు రాసేవారికి మైక్రోసాఫ్ట్ తొలుత పంపిణీ చేసిన యంత్రాలు ఆపిల్ పవర్‌మాక్ జీ5లు కావడం దీనికి కొసమెరుపు.

సంస్థలు కూడా అప్పుడప్పుడు ఈ మంటకు ఆజ్యం పోశాయి. 2004లో ఆపిల్ తన సాంకేతిక సభలో, మైక్రోసాఫ్ట్ కేంద్రస్థానమైన రెడ్‌మండ్‌ను ఉద్దేశించి, ఫొటోకాపీ యంత్రాలు సిద్ధం చేసుకోమని బ్యానర్లు కట్టింది. 2007 నాటి మాక్ ఓఎస్‌లో నెట్‌వర్కులోని విండోస్ కంప్యూటరుకు గుర్తుగా ఎంచుకున్న బొమ్మ, విండోస్ స్తంభించినప్పుడు కనిపించే నీలి తెరతో ఉన్న పాత మానిటర్. 2006 నుంచి 2009 వరకు వచ్చిన 66 వ్యాపార ప్రకటనల వరుసలో జస్టిన్ లాంగ్ మాక్‌గా, జాన్ హాడ్జ్‌మన్ పీసీగా నటించారు. ప్రేక్షకుల్లో చాలామందికి తడబడే పీసీ పాత్రే ఎక్కువ నచ్చిందన్నది ఆ ప్రకటనలు ఉద్దేశించని ఫలితం. మైక్రోసాఫ్ట్ 2008లో తాము పీసీలమని గర్వంగా చెప్పుకునే సామాన్యులతో, 2009లో తక్కువ సొమ్ముతో ల్యాప్‌టాప్ వెతుక్కునే కొనుగోలుదారులతో జవాబిచ్చింది.

కలిసి పనిచేయడంలోని చిక్కులు

ఒకే పత్రాన్ని ఇద్దరూ చూడవలసి వచ్చినప్పుడు వాదన పక్కకు పోయి చిక్కులు ముందుకు వచ్చేవి. మొదటి అడ్డంకి డిస్కే. తొలినాటి మాక్‌లోని ఫ్లాపీ డ్రైవు డిస్కును తిప్పే వేగాన్ని చదివే వలయాన్ని బట్టి మార్చుకునేది కాబట్టి, సాధారణ పీసీ డ్రైవు ఆ ఫ్లాపీని చదవలేకపోయేది. 1988లో ఆపిల్ ప్రవేశపెట్టిన సూపర్‌డ్రైవ్ 1.44 మెగాబైట్ల పీసీ ఫ్లాపీలను కూడా చదవగలిగింది. 1994 నాటి సిస్టమ్ 7.5లో పీసీ డిస్కు మామూలు మాక్ డిస్కులాగే తెర మీద ప్రత్యక్షమయ్యే ఏర్పాటు అంతర్భాగమైంది.

డిస్కు చదవగలిగినా ఫైలు అర్థం కావాలి. డాస్‌లో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలకు, దాని జాతిని తెలిపే తోక మూడు అక్షరాలకు పరిమితం; మాక్‌లో పేరు 31 అక్షరాలదాకా ఉండవచ్చు, జాతిని తెలిపే గుర్తు పేరులో కాక ఫైలు వెంట కనిపించకుండా ఉండేది. అందువల్ల మాక్ నుంచి వచ్చిన తోక లేని ఫైలును దేనితో తెరవాలో విండోస్‌కు తెలిసేది కాదు. పైగా పాత మాక్ ఫైలులో డేటా భాగం, వనరుల భాగం అని రెండు శాఖలు ఉండగా, పీసీ డిస్కుకు ఎక్కించేటప్పుడు రెండోది రాలిపోయేది. ముద్రణారంగంలో వాడే పోస్ట్‌స్క్రిప్ట్ ఫాంట్ల సమాచారమంతా ఆ రెండో శాఖలోనే ఉండటంతో, విండోస్‌లో ఆ ఫాంటు ఫైలు సున్నా పరిమాణంతో కనిపించేది. సాదా పాఠ్యానికీ తిప్పలు తప్పలేదు: టైప్‌రైటర్ కాలం నాటి సంకేతాల నుంచి డాస్ పంక్తి ముగింపుకు రెండింటినీ (బండిని ఎడమకు తెచ్చేది, కాగితాన్ని ఒక వరస జరిపేది) తీసుకోగా, పాత మాక్ మొదటిదాన్ని మాత్రమే, యూనిక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్ రెండోదాన్ని మాత్రమే స్వీకరించాయి. 2001లో యూనిక్స్ పునాది మీద మాక్ ఓఎస్ టెన్ వచ్చాక మాక్ కూడా యూనిక్స్ వైపు చేరింది.

అన్నిటిలోకి విచిత్రమైనది ఎక్సెల్ తేదీల వ్యవహారం. ఎక్సెల్ తేదీని ఒక ఆరంభ దినం నుంచి గడిచిన రోజుల సంఖ్యగా దాచుకుంటుంది. విండోస్ ఎక్సెల్ ఆ లెక్కను 1900 నుంచి మొదలుపెట్టడమే కాక, లీపు సంవత్సరం కాని 1900ను లీపు సంవత్సరంగా భావించిన లోటస్ 1-2-3 అనే పూర్వపు ప్రోగ్రాము పొరపాటును, ఆ ఫైళ్లతో పొసగడం కోసం, తెలిసే కొనసాగించింది. మాక్ ఎక్సెల్ 1904 జనవరి 1 నుంచి లెక్కించడం ద్వారా ఆ గొడవను తప్పించుకుంది. ఫలితంగా ఒక పట్టికలోని తేదీలను మరోదానిలోకి ఎత్తి అతికిస్తే అవి 1,462 రోజులు, అంటే నాలుగేళ్ల ఒక రోజు, అటో ఇటో జరిగేవి. ఒకే సంస్థ, ఒకే పేరుతో చేసిన ప్రోగ్రాములో ఈ తేడా ఉండటం గమనార్హం. తరువాతి కాలంలో మాక్ ఎక్సెల్ సైతం డిఫాల్ట్‌గా 1900 పద్ధతికే మారింది.

ఇక చేతి అలవాట్లు. ఎత్తడం, కత్తిరించడం, అతికించడం అనే పనులకు సి, ఎక్స్, వి అక్షరాల మీటలను ఆపిల్ ఎంచుకోగా, విండోస్ కూడా 1990ల మొదట్లో వాటినే స్వీకరించింది. అయితే వాటితో జతగా నొక్కవలసింది మాక్‌లో కమాండ్, విండోస్‌లో కంట్రోల్. చట్రాన్ని మూసే గుర్తు ఒకదానిలో ఎడమన, మరోదానిలో కుడిన ఉంటుంది. చివరి చట్రం మూసినా మాక్‌లో ప్రోగ్రాము నడుస్తూనే ఉండవచ్చు. 2005లో మైటీ మౌస్ వచ్చేదాకా ఆపిల్ తన మౌస్‌కు ఒకే బటన్ ఉంచింది. రోజూ ఆఫీసులో ఒకటి, ఇంట్లో మరొకటి వాడేవారిని తత్వభేదాలకంటె ఈ చిన్న తేడాలే ఎక్కువగా విసిగించాయి.

మరికొన్ని చోట్ల ఒక పక్షం మరోదాని పద్ధతిని మౌనంగా స్వీకరించింది. అక్షరాల అంచులను గణిత రేఖలుగా నిర్వచించే ట్రూటైప్‌ను ఆపిల్ రూపొందించి మైక్రోసాఫ్ట్‌కు కూడా ఇవ్వగా, 1992 నాటి విండోస్ 3.1లో అది చేరింది. తెర మీద వెలుగునీడల క్రమాన్ని సూచించే గామా విలువ మాక్‌లో 1.8, పీసీలో 2.2 కావడంతో ఒకే ఛాయాచిత్రం మాక్‌లో పాలిపోయినట్టూ పీసీలో ముదురుగానూ కనిపించేది. 2009లో ఆపిల్ 2.2కు మారింది. మైక్రోసాఫ్ట్ రూపొందించిన ఎక్స్‌ఫ్యాట్ అనే డిస్కు పద్ధతిని మరుసటి ఏడు మాక్ చదవగలగడంతో పెన్‌డ్రైవు ఇచ్చిపుచ్చుకోవడం తేలికైంది. 2013 నుంచి రెండు మాక్‌లు తమలో తాము ఫైళ్లు పంచుకోవడానికి సైతం విండోస్ లోకంలో ప్రాచుర్యం పొందిన ఎస్‌ఎంబీ పద్ధతినే డిఫాల్ట్‌గా వాడసాగాయి.

తెలుగు లిపి, తెలుగు వాడుకరులు

తెలుగునాట ఈ పోటీ సమానుల మధ్య సాగలేదు. ఇక్కడ ఇళ్లకూ చిన్న వ్యాపారాలకూ కంప్యూటర్ చేరింది విడిభాగాలు బిగించి అమ్మే ‘అసెంబుల్డ్’ పీసీల రూపంలో. అటువంటి అమ్మకాలకు సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ పేరుపొందింది. మాక్ ధర ఆ కొనుగోలుదారులకు అందనిది. ముద్రణారంగంలో అమెరికాలో మాక్‌కు కోట వంటి, పుటలు కూర్చే ప్రోగ్రామైన పేజ్‌మేకర్, తెలుగు డీటీపీ కేంద్రాల్లో అను ఫాంట్ల తోడుగా విండోస్ మీదనే స్థిరపడింది.

అన్ని లిపులకూ ఉమ్మడి సంకేత పద్ధతి అయిన యూనికోడ్‌లో తెలుగు విషయంలోనూ విండోస్ ముందు నడిచింది. 2001 నాటి విండోస్ ఎక్స్‌పీ గౌతమి అనే తెలుగు ఫాంటుతో వచ్చింది. గుణింతాలనూ ఒత్తులనూ సరైన చోట పేర్చడానికి విండోస్ ఓపెన్‌టైప్ పట్టికల మీద ఆధారపడగా, మాక్ తన సొంత ఏఏటీ పట్టికలను కోరడంతో, విండోస్ కోసం తయారైన తెలుగు ఫాంట్లు పాత మాక్‌లలో విడివిడి ముక్కలుగా చెదిరిపోయేవి. 2011లో లయన్ కూర్పుతో ఆపిల్ తెలుగు ఫాంట్లు అందించిన తరువాత ఆ బాధ తగ్గింది. 2018 ఫిబ్రవరిలో మాత్రం కొత్త చిక్కు తలెత్తింది: ‘జ్ఞా’ అనే సంయుక్తాక్షరం ఒకానొక సంకేత క్రమంలో కనిపించగానే ఆపిల్ ఫోన్లలోనూ మాక్‌లలోనూ సందేశాల ప్రోగ్రాములు కుప్పకూలేవి. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. అదే అక్షరం విండోస్‌లో నిశ్చింతగా కనిపించింది.

ఉద్యోగరీత్యా తెలుగువారు రెండు శిబిరాల్లోనూ ఉన్నారు. మైక్రోసాఫ్ట్ 1998లో హైదరాబాదులో అభివృద్ధి కేంద్రం నెలకొల్పింది. ఆపిల్ 2016 మే నెలలో మ్యాపుల పని కోసం అక్కడే కార్యాలయం తెరిచింది. ఆపిల్ ఫోన్లకు యాప్‌లు రాయడానికి అవసరమైన ఎక్స్‌కోడ్ మాక్ మీద మాత్రమే నడుస్తుంది కాబట్టి, అంతవరకు విండోస్ తప్ప ఎరుగని ప్రోగ్రామర్లు పలువురు ఇష్టాయిష్టాలతో నిమిత్తం లేకుండా మాక్ పట్టారు. హైదరాబాదులో పుట్టిన సత్య నాదెళ్ల 2014 ఫిబ్రవరి 4న మైక్రోసాఫ్ట్ అధిపతి అయిన రెండు నెలల లోపే ఆపిల్ ఐప్యాడ్ కోసం ఆఫీస్ సాఫ్ట్‌వేర్‌ను ప్రకటించాడు.

ఒకే యంత్రంలో రెండూ

ఒక కంప్యూటర్‌లో మరో కంప్యూటర్‌ను సాఫ్ట్‌వేర్ ద్వారా అనుకరించే పద్ధతిలో కనెక్టిక్స్ సంస్థ 1997లో వర్చువల్ పీసీని తెచ్చి మాక్ మీద విండోస్ నడిపించింది. రెండింటి ప్రాసెసర్లు వేరు కావడం వల్ల ప్రతి ఆదేశాన్నీ అనువదించవలసి వచ్చి అది మందకొడిగా నడిచేది. 2003లో దానినీ మైక్రోసాఫ్టే కొన్నది. 2006లో మాక్‌లు ఇంటెల్ ప్రాసెసర్లకు మారడంతో ఈ అవరోధం తొలగి, అదే ఏడు ఏప్రిల్‌లో ఆపిల్ బూట్ క్యాంప్ పేరుతో తన యంత్రంలో విండోస్‌ను నేరుగా అమర్చుకునే సౌకర్యం ఇచ్చింది. ప్యారలల్స్, వీఎంవేర్ ఫ్యూజన్ వంటివి రెండు వ్యవస్థలనూ ఒకే తెర మీద పక్కపక్కన నిలిపాయి. బ్యాంకు, పన్నుల, ఇంజినీరింగ్ ప్రోగ్రాములు విండోస్‌కే పరిమితమైనందున వెనుకాడినవారికి మాక్ కొనడానికి ఇది ధైర్యమిచ్చింది.

2020 నవంబరులో ఆపిల్ తన సొంత ఎం1 ప్రాసెసర్‌తో మాక్‌లు విడుదల చేసినప్పుడు వాటిలో బూట్ క్యాంప్ లేదు. ఆ ప్రాసెసర్ల ఆర్మ్ నిర్మాణానికి సరిపడే విండోస్ 11ను ప్యారలల్స్ ద్వారా మాక్‌లో నడపడానికి 2023 ఫిబ్రవరిలో మైక్రోసాఫ్ట్ అధికారికంగా సమ్మతించింది. 2024 మే నెలలో అదే సంస్థ ఆర్మ్ ప్రాసెసర్లతో కొత్త తరం విండోస్ ల్యాప్‌టాప్‌లను ప్రకటిస్తూ, వాటి వేగాన్ని వేదిక మీద ఆపిల్ మాక్‌బుక్ ఎయిర్‌తో పోల్చి చూపింది. ఇంటెల్ మాక్‌లకు చివరి కూర్పు టాహో అని ఆపిల్ 2025 జూన్‌లో ప్రకటించడంతో, విండోస్ నేరుగా నడవగలిగిన మాక్‌ల తరం ముగింపుకు వచ్చింది.